పక్క సీటు బ్రేకు

నేను బలంగా తొక్కిన బ్రేకు అడుగంటా దిగిపోయి, కారు మాత్రం ఆగకుండా రోడ్డు దాటుతున్న స్కూలు పిల్లల వరుస మీదికి పోతోందని నాకు అర్థమైనప్పుడు, స్టీరింగు నా చేతుల్లో లేదు.

స్టీరింగు నర్సు చేతుల్లో ఉంది. ఆవిడ పెద్దాసుపత్రి ఆపరేషన్ థియేటర్లో పనిచేస్తుంది. రక్తం చూసి కళ్లార్పని మనిషి, మా కారెక్కితే మాత్రం అరచేతులు తడిసిపోతాయి. నేను పక్క సీట్లో ఉన్నాను. డ్రైవింగు నేర్పే కార్లలో నేర్పేవాళ్ల కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్లు తడబడితే పక్కనుంచి మేం తొక్కుతాం. మా ఇంటిల్లిపాది బతుకూ ఆ రెండో బ్రేకు మీదే నడుస్తోంది. ఆ ఉదయం అది చచ్చిపోయి ఉంది.

మళ్లీ తొక్కాను. గాలిని తొక్కినట్టుంది. వరుస చివరనున్న పిల్ల తన బూటు లేసు తనే తొక్కుకుని రోడ్డు మధ్యలో ఆగిపోయింది. నా చెయ్యి హ్యాండ్‌బ్రేకు కోసం వెళ్లింది. నోరు తెరిచాను కానీ మాట పెగల్లేదు.

కారు ఆగింది.

ఇద్దరం ముందుకు ఊగి వెనక్కి పడ్డాం. బంపరుకీ ఆ పిల్ల సంచీకీ మధ్య ఒక మనిషి పక్కకి తిరిగి నిలబడేంత చోటు మిగిలింది. ఆ పిల్ల మావైపు ఒకసారి చూసి, తీరిగ్గా వంగి లేసు ముడేసుకుని వెళ్లిపోయింది.

"సారీ మేడం," అంది నర్సు. "మీరు తొక్కేలోపల నేనే తొక్కేశాను. ఆగమని మీరు చెప్పలేదు కదా, ఉండబట్టలేకపోయాను."

ప్రాణాలు కాపాడిన మనిషి క్షమాపణ అడుగుతోంది. అందులో ఎంత వింత ఉందో అప్పుడు నాకు తట్టలేదు.

నిజానికి ఆ పాఠం నాది కాదు, నాన్నది. పొద్దున గ్రౌండులో ఆయన మొదటి పాఠం చెబుతుండగా తమ్ముడి స్కూలు నుంచి ఫోనొచ్చింది. మోడల్ పరీక్షలో ప్రశ్నపత్రం చేతికిచ్చిన కాసేపటికే వాడికి వాంతులయ్యాయట, వచ్చి తీసుకెళ్లమన్నారు. నాన్న కారు అక్కడే వదిలేసి స్కూటరెక్కి పరిగెత్తాడు. తర్వాతి పాఠం నర్సుది, రోడ్డు మీద. కాబట్టి నేను వెళ్లాను.

నర్సును దింపేసి, ప్రాణాలు ఉగ్గబట్టుకుని కారును షెడ్డుకి తెచ్చాను. టార్చి పట్టుకుని పెడల్ కిందికి దూరాను. పక్క పెడల్ నుంచి అసలు పెడల్‌కి ఒక ఇనుప కడ్డీ పోతుంది. రెండూ కలిసేచోట వేలెడంత పిన్ను ఉంటుంది. ఆ పిన్ను లేదు. కడ్డీ ఊరికే వేలాడుతోంది.

మెకానిక్ బాబాయిని పిలిచాను. ఆయన తల లోపలపెట్టి చూసి, బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు.

"దానంతటది తెగితే ముక్కయినా ఉండాలి. ఇది తెగలేదమ్మాయ్. ఎవరో తీశారు."

భయమేసింది. భయమొక్కటే కాదు, దాచడమెందుకు, ఒక రకం హుషారు కూడా. మా ఇంట్లో అప్పటిదాకా జరిగిన అతి పెద్ద నేరం ఫ్రిజ్‌లో కేకు మాయమవడం.

అంతలో నాన్న తమ్ముణ్ణి స్కూటరు మీద తీసుకొచ్చాడు. వాడి ముఖం సున్నంలా ఉంది. ఎవరివైపూ చూడకుండా లోపలికి వెళ్లి తలుపేసుకున్నాడు. నేను నాన్నకి జరిగింది చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆయన కదల్లేదు. పిన్ను లేదనే మాట దగ్గర ఆయన చెయ్యి చొక్కా జేబు దాకా వెళ్లి, తడిమి, కిందికి దిగింది. కళ్లజోడు కోసమనుకున్నాను.

"ఆ పిల్లకేం కాలేదు కదా?"

"ఎవరికీ ఏం కాలేదు నాన్నా. నర్సు ఆపింది."

"నర్సు ఆపిందా," అన్నాడు. పాత టైరు మీద కూలబడ్డాడు. తర్వాత లేచి, స్పేర్ పార్టుల షాపుకెళ్లి కొత్త పిన్ను తెచ్చి తనే వేస్తానన్నాడు, అమ్మకి చెప్పొద్దన్నాడు.

అమ్మకి మధ్యాహ్నం భోజనాలవేళకే తెలిసిపోయింది. మా ముందుగదే మా ఆఫీసు. అక్కడ ఫోను దగ్గర కూర్చుని మా డ్రైవింగు స్కూలంతా నడిపేది ఆవిడే. ఆ ఫోనుకి తెలియని విషయం వీధిలో ఉండదు. అమ్మ ఒక్క నిమిషంలో దోషిని తేల్చేసింది. పక్క వీధిలో కొత్తగా డ్రైవింగు స్కూలు పెట్టిన లావుపాటాయన. మనకంటే పెద్ద బోర్డు పెట్టినవాడు ఎంతకైనా తెగిస్తాడని ఆవిడ వాదన.

ఆ సాయంత్రమే ఆయన షెడ్డుకి వెళ్లాను. ఆరా తీద్దామని మాటలు కలిపి, పిన్ను సంగతి చెప్పి, ముఖం ఎలా మారుతుందో చూస్తూ నిలబడ్డాను. ముఖం మారింది. ఆయన నన్నక్కడే వదిలేసి తన కారు పెడళ్ల కిందికి దూరాడు, అందులో పిన్ను ఉందో లేదో చూసుకోడానికి. నేను వచ్చేసేదాకా ఆయన కాళ్లు మాత్రమే బయట కనిపించాయి. ఆయన్ని అనుమానితుల్లోంచి తీసేశాను.

మర్నాడు మా కటింగ్ ప్లేయరు తమ్ముడి సైకిల్ బుట్టలో దొరికింది.

ఇక్కడ మావాడి సంగతి కొంచెం చెప్పాలి. పదహారేళ్లవాడు, స్కూలు చివరి సంవత్సరం. లెక్కల్లో ఎప్పుడూ ముందే ఉండేవాడు. ఆ ఏడు అర్ధసంవత్సరం పరీక్షల నుంచీ మార్కులు మెట్లు దిగినట్టు దిగుతూ వచ్చాయి. చదవక కాదు. లేచింది మొదలు చదువే. కానీ పొద్దున్నే కడుపునొప్పి, స్కూలు గేటు కనిపించగానే చేతులు చల్లబడిపోవడం, ప్రశ్న చదవగానే తల ఖాళీ అయిపోవడం. ఇంట్లో చకచకా చేసిన లెక్కే అక్కడ తెల్లకాగితం. ఇక పెద్ద పరీక్షలకి పట్టుమని వారం లేదు. లెక్కల పరీక్ష వదిలేస్తే ఏడాది పోతుంది. వాడు అప్పటికే అమ్మతో రెండుసార్లు అన్నాడు, నేను రాయను, స్కూలు మానేస్తాను, ఏదైనా పనిలో పెట్టండని.

నాన్న ఊరుకునే మనిషి కాదు. రోజూ సాయంత్రం పాఠాలయ్యాక భోజనాల బల్ల దగ్గర వాడి పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఊళ్లో సగం మందికి కారు నేర్పింది మా నాన్నే. ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఆగు మేష్టారు అంటారు. నేర్చుకునేవాడి కాలు ఇంకా ఆలోచిస్తుండగానే ఈయన కాలు తొక్కేస్తుంది, నోరు "ఆగు" అంటుంది. ఆయన చేతికింద ఒక్క కారుకి ఒక్క గీత పడలేదు. ఆ గర్వం ఆయన నడకలో కూడా ఉండేది. తమ్ముడు లెక్క రాస్తుంటే కూడా అంతే. పెన్ను తప్పు దారిలో మలుపు తిరగబోతుందనగా "ఆగు". వాడు ఆగేవాడు, కొట్టేసేవాడు, పక్కకి చూసేవాడు. నాన్న తలూపితే తర్వాతి లైను. బల్ల కింద నాన్న కుడికాలు నేలని తొక్కుతూ ఉండేది. ఆయనకి తెలియదు. నేను చూసి నవ్వుకునేదాన్ని.

ఆ కారే రోజూ వాణ్ణి స్కూల్లో దింపేది. అది పాడైతే బాగుండునని మొన్ననే అమ్మ దగ్గర గొణిగాడు కూడా. చేతిలో పనిముట్టు, మనసులో కారణం. నేను వాడి గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేశాను. ఇంట్లో నాన్న తప్ప ఎవరూ లేరు, ఆయన పక్క గదిలో పడుకుని ఉన్నాడు.

"కటింగ్ ప్లేయరు నీ సైకిల్లోకి ఎందుకొచ్చిందిరా?"

చైను ఊడితే సరిచేసుకున్నానన్నాడు. ఎప్పుడన్నాను. నిన్ననో మొన్ననో అన్నాడు. నిన్నా, మొన్నా అన్నాను. కారు దగ్గరికి ఎందుకెళ్లావన్నాను. వెళ్లలేదన్నాడు. వెళ్లకపోతే పనిముట్ల పెట్టె ఎలా తెరిచావన్నాను. ప్రశ్న మీద ప్రశ్న వేస్తుంటే నాకు ఊపొచ్చింది. వాడి చేతివేళ్లు ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి. కళ్లు నామీద లేవు, పక్కకి పోతున్నాయి, అక్కడెవరో ఉన్నట్టు.

"అవును," అన్నాడు చివరికి. "నేనే తీశాను."

"ఏది?"

"అదే. పిన్ను."

"ఎలా తీశావు?"

"స్పానరుతో విప్పాను. చాలా?"

చాలు. ఎగిరి గంతేసినంత పని చేశాను. దోషి దొరికాడు, ఒప్పుకున్నాడు. అమ్మ వచ్చాక ఈ సంగతి ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూ షెడ్డు దాకా నడిచాను. అప్పుడు నా కాళ్లు ఆగిపోయాయి.

స్పానరు.

కారు తలుపు తీసి మళ్లీ టార్చితో కిందికి దూరాను. అక్కడ స్పానరుతో విప్పడానికి బోల్టే లేదు. పిన్ను కొస రెండుగా చీలి ఉంటుంది, ఆ రెండు కొమ్ముల్నీ వెడల్పుగా వంచుతారు. వాటిని పట్టుకారుతో దగ్గరికి నొక్కి లాగితేనే బయటికొస్తుంది. తీసినవాడికి ఆ సంగతి తెలిసితీరాలి. మావాడికి తెలియదు. వాడు ఆ పిన్నుని జన్మలో చూడలేదు.

టార్చి ఆర్పబోతుంటే ఇంకొకటి కనిపించింది. నాన్న వేసిన కొత్త పిన్ను తల మీద మాసిపోయిన ఎర్రరంగు చుక్క. మెకానిక్ బాబాయికి ఒక అలవాటుంది. తను బిగించిన ప్రతి సామాను మీదా ఎర్రరంగు చుక్క పెడతాడు, రేపెవరైనా ఇది నువ్వేసిందేనా అంటే చూపించడానికి. కొత్త పిన్ను మీద అంత పాత చుక్క ఎక్కణ్ణుంచొచ్చింది? ఎవరో తీసి ఎత్తుకుపోయిన పిన్నే తిరిగి వచ్చి దాని చోట్లో కూర్చుంది.

పెడళ్ల కిందే తల పెట్టి అలా ఉండిపోయాను. చొక్కా జేబు దగ్గరికి వెళ్లిన చెయ్యి గుర్తొచ్చింది.

తిన్నగా తమ్ముడి గదికి వెళ్లాను.

"నువ్వు కాదురా. అక్కడ స్పానరు పట్టదు."

వాడు పుస్తకంలోంచి తలెత్తలేదు.

"మరెందుకొప్పుకున్నావు?"

"నువ్వు అడుగుతూనే ఉంటావు. అవునంటే ఆగుతావు కదా." పేజీ తిప్పాడు. "పరీక్షలో కూడా అంతే అక్కా. ఏదో ఒకటి రాసి ఇచ్చేస్తే బయటికి పోవచ్చు."

ఒక్కసారిగా నా హుషారంతా ఎటు పోయిందో. వాడి పక్కన మంచం మీద కూర్చున్నాను. కాసేపటికి వాడే అడిగాడు, మరైతే తీసిందెవరని. పరీక్షయ్యాక చెప్తానన్నాను. అప్పటికి నాకు ఎవరో తెలిసింది, ఎందుకో తెలియలేదు. ఆ ఎందుకు తెలియకపోతే నాకు అన్నం సహించేలా లేదు.

దారి దొరికింది స్కూల్లో. వాంతుల విషయమై క్లాసు టీచరు రమ్మన్నారంటే అమ్మ బదులు నేనే వెళ్లాను. లెక్కల టీచరే క్లాసు టీచరు. పొట్టిగా, చురుగ్గా ఉంటుంది, ఒకప్పుడు మా దగ్గరే కారు నేర్చుకుంది. ఆవిడ నన్ను పరీక్ష హాలుకి తీసుకెళ్లి, గోడవారగా ఉన్న చివరి బెంచీ చూపించింది.

"ఇక్కడే కూర్చుంటాడు. మొన్నామధ్య హాల్లో కాపలా ఉన్న సార్ కాపీ కొడుతున్నాడని మీవాణ్ణి నా దగ్గరికి లాక్కొచ్చారు. లైను రాస్తాడు, పక్కకి చూస్తాడు, కొట్టేస్తాడట. నేను వచ్చి చూశాను. పక్కన ఏముందండీ, గోడ. ఎవర్ని చూసి కాపీ కొడతాడు, సున్నాన్ని చూసా?"

నేను ఆ గోడ వైపు చూశాను. వాడి భుజం ఎత్తులో సున్నం కొద్దిగా రాలి ఉంది.

ఆవిడ బెంచీ మీద కూర్చుని తన కథ చెప్పింది. నాన్న దగ్గర చాన్నాళ్లు నేర్చుకుందట. ఆయన పక్కనుంటే కారు పువ్వులా నడిచేది. లైసెన్సు పరీక్షకి వెళ్తే పక్కన ఇన్‌స్పెక్టరు కూర్చున్నాడు. ప్రతి మలుపు దగ్గరా ఆవిడ ఆయనవైపు చూసింది. ఆయన చేతులు కట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఆవిడ వెళ్లి స్తంభాన్ని గుద్దింది. మళ్లీ వెళ్లింది, మళ్లీ అంతే. చివరికి వాళ్లన్నయ్య తన కారిచ్చాడు. దానికి పక్క బ్రేకు లేదు, పక్కన కూర్చునే ధైర్యం వాళ్లన్నయ్యకీ లేదు. ఒక్కతే ఖాళీ గ్రౌండులో తిరిగింది. అప్పుడొచ్చింది డ్రైవింగు.

"మీవాడికి బద్ధకం లేదు, బుర్ర తక్కువా కాదు. భయం. తప్పు చేస్తే ఎవరో ఆపాలి, ఆపేవాళ్లు కనపడకపోతే ప్రతి లైనూ యాక్సిడెంటే. స్కూల్లో పిల్లలతో మాట్లాడే డాక్టరుగారు ఉన్నారు, పరీక్షలయ్యాక ఆయన దగ్గర కూర్చోబెడతాను. ఇదంతా మీ నాన్నగారికి చెప్పానే. ఇంట్లో అనలేదా?"

"నాన్న ఇక్కడికొచ్చారా?"

"వాంతులకి ముందు వారమే. ఆయనకి కోపమొచ్చింది. నా కాలు లేకపోతే ఈ ఊళ్లో ఎంతమంది ఆసుపత్రి పాలయ్యేవాళ్లో తెలుసా అని లేచి వెళ్లిపోయారు."

ఇంటికొస్తూ దారంతా నా మనసు పరిగెత్తింది. నాన్నని నిలదీసేద్దామా? నిలదీస్తే ఇల్లు రెండవుతుంది. రెండ్రోజుల్లో లెక్కల పరీక్ష. ఇంట్లో అరుపులు వింటే మావాడి కడుపులో నీళ్లు కూడా నిలవవు. నోరు కుట్టుకుని కూర్చున్నాను. ఈ కథ మొత్తంలో నేను చేసిన కష్టమైన పని అదొక్కటే.

నాన్న ఆ రెండ్రోజులూ బల్ల దగ్గరికి రాలేదు. షెడ్డులో ఏదో పనుందన్నాడు. తమ్ముడు ఒక్కడే కూర్చుని లైను రాసి, ఖాళీ కుర్చీవైపు చూసేవాడు.

పరీక్ష రోజు పొద్దున వాడు బాత్‌రూములో దూరి గడియ పెట్టుకున్నాడు. కుళాయి ధారగా పోతోంది. అమ్మ తలుపు దగ్గర నిలబడి, నాయనా తియ్యరా, నా తండ్రి కదూ అని బతిమాలుతోంది. లోపల్నుంచి ఒకటే మాట, నేను వెళ్లను. అమ్మ గొంతు పెరుగుతోంది. బయల్దేరాల్సిన వేళ దాటిపోతోంది. నేను అమ్మని పక్కకి జరిపి తలుపుకి చెవి ఆనించాను.

"ఒరేయ్. పిన్ను తీసిందెవరో తెలుసుకోవా?"

కుళాయి ఆగింది.

"చెప్పు."

"ఇప్పుడు కాదు. హాల్లో కూర్చుని లేచి వచ్చాక."

"ఏమీ రాయకపోతే?"

"ఏమీ రాయకపోయినా చెప్తాను. ఊరికే కూర్చుని వచ్చినా చెప్తాను."

నేను వెనక్కి తిరిగి చూశాను. వరండాలో నాన్న నిలబడి ఉన్నాడు, చేతిలో కారు తాళాలు. మొత్తం విన్నాడు. నాకు తెలుసని ఆయనకి తెలిసిపోయింది. నా చేతిలో తాళాలు పెట్టి, నువ్వు నడుపు అన్నాడు.

గడియ తీసిన చప్పుడైంది.

తమ్ముడు వెనక సీట్లో కూర్చున్నాడు, పరీక్ష అట్ట గుండెలకి హత్తుకుని. నేను స్టీరింగు దగ్గర. నాన్న ఎప్పటిలా పక్క సీట్లోకి ఎక్కాడు, బ్రేకు ఉన్న సీటు. చెప్పులు విప్పాడు. ముందు ఒక కాలు, తర్వాత రెండోది సీటు మీదికి లాక్కుని బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. తల పైకప్పుకి తగులుతోంది. నడ్డి వంచుకున్నాడు. నేను గేరు వేశాను.

రోడ్డంతా పరీక్షకెళ్లే పిల్లల్తో, స్కూటర్లతో, బస్సుల్తో కిటకిటలాడుతోంది. కూడలి దగ్గర ఒక బస్సు అడ్డంగా దూసుకొచ్చింది. నేను తొక్కాను, కారు ఆగింది. పక్కన నాన్న నోరు తెరుచుకుంది, "ఆ" దాకా వచ్చిన మాటని మింగేశాడు. చేతులు రెండు మోకాళ్లనీ పట్టుకుని పిసికేస్తున్నాయి. కాలివేళ్లు ముడుచుకుపోయాయి.

వెనకనుంచి తమ్ముడన్నాడు, "నాన్నా, కాళ్లు నొప్పులా?"

"కాదు."

"మరి అలా కూర్చున్నావేంటి?"

"అక్కకి బ్రేకెక్కడుందో తెలుసు," అన్నాడు నాన్న, ముందుకే చూస్తూ.

ఇంకో మలుపు దగ్గర ఆటో అడ్డొచ్చింది. నాన్న కళ్లు మూసుకున్నాడు. వెనకనుంచి కిసుక్కుమని చప్పుడైంది. అద్దంలో చూశాను. మావాడు నవ్వుతున్నాడు. ఎన్ని వారాలైందో ఆ పళ్లు చూసి. నాకు కారు గాల్లో పోతున్నట్టుంది.

నవ్వు స్కూలు గేటు కనిపించేదాకానే. గేటు కనిపించగానే ఆపమన్నాడు. దిగి పక్కన గట్టు మీద వంగి వాంతి చేసుకున్నాడు. నాన్న సీటు మీద అలాగే కూర్చున్నాడు, దిగలేదు, ఆగు అనలేదు, వెళ్లు అనలేదు. నీళ్ల సీసా మాత్రం కిటికీలోంచి అందించాడు. వాడు నోరు పుక్కిలించి, అట్ట తీసుకుని, వెనక్కి చూడకుండా లోపలికి వెళ్లాడు.

మేం ఆ కారులోనే కూర్చున్నాం. నాన్న కాళ్లు తిమ్మిరెక్కి కిందికి దించాడు. గేటు దగ్గర ఎవరు కదిలినా తలెత్తి చూసేదాన్ని, మధ్యలోనే లేచి వచ్చేశాడేమోనని. ఎవరెవరో వచ్చారు. మావాడు రాలేదు. చివరి గంట మోగింది. గుంపు బయటికి పొర్లింది. గుంపు మధ్యలో వాడు.

ఫలితాలొచ్చాక లెక్కల్లో వాడి మార్కులు చూసి ఎవరూ ఎగిరి గంతెయ్యలేదు. పాసయ్యాడు, అంతే. నాకు గుర్తుండిపోయింది మాత్రం ఆ మధ్యాహ్నం వాడు కారెక్కుతూ అన్న మాట.

"ఒక లెక్క తప్పు చేశానక్కా. తప్పని తెలుస్తూనే ఉంది. కొట్టెయ్యకుండా తర్వాతిదానికి వెళ్లిపోయాను."

"గోడ?" అన్నాను.

"చూశాను. చాలాసార్లు చూశాను. తర్వాత మర్చిపోయాను." అట్ట పక్కన పడేసి ముందుకి వంగాడు. మా ఇద్దరి సీట్ల మధ్యకి తల వచ్చింది. "ఇప్పుడు చెప్పు. ఎవరు?"

నేను నోరు తెరిచాను. నాన్న చెయ్యెత్తాడు.

"అక్కనెందుకురా, నన్నడుగు. నేనే తీశాను. మీ టీచరమ్మ నన్ను పిలిచి మీ అబ్బాయి గోడలో మిమ్మల్ని వెతుక్కుంటున్నాడండీ అంది. ఒళ్లు మండింది. ఆవిడదే తప్పని తేలుద్దామని మర్నాడు గ్రౌండులో పిన్ను తీసి జేబులో వేసుకున్నా. హ్యాండ్‌బ్రేకు మీంచి చెయ్యి తియ్యలేదులే, నడకంత వేగం. నా కాలు లేకపోతే వీళ్లు ఎన్ని గోడలు గుద్దుతారో చూద్దామనుకున్నా. నర్సు వచ్చింది, బట్టల షాపతను వచ్చాడు, ఆ చెవుడు పెద్దాయన వచ్చాడు. ఒక్కళ్లూ గుద్దలేదు. నేను తొక్కుతూనే ఉన్నా, కింద ఏమీ లేదు, బండి మాత్రం ఆగుతూనే ఉంది. వాళ్లే ఆపుకుంటున్నారు. నేనే ఆపాననుకుని నాకు దణ్ణం పెట్టి దిగిపోతున్నారు. రోడ్డెక్కే ముందు పిన్ను మళ్లీ పెట్టేసేవాణ్ణి. ఆ రోజు నీకు వాంతులని ఫోనొచ్చింది, పిన్ను జేబులో ఉందన్నది మర్చిపోయి వచ్చేశా. ఆ పిల్ల, ఆ బూటు లేసు, అది నేను చూడలేదు కానీ రోజూ కనపడుతోంది. అది ఒక తప్పు. రెండోది చెప్తా విను. అక్క నిన్ను అన్ని ప్రశ్నలేస్తుంటే నేను పక్క గదిలోనే ఉన్నా. నిద్రపోలేదు. నేనే తీశాను అన్నావు చూడు, ఆ మాట విన్నా. లేచి వచ్చి వాడు కాదే అనాలి. లేవలేదు. భయమేసిందిరా. ఊరందర్నీ ఆపినవాణ్ణి, నావల్ల ఒక పిల్ల చచ్చిపోయేదని ఎలా చెప్పను? నీ ఒక్కడికే ఉందనుకున్నావా అది? కడుపులో తిప్పడం, చేతులు చల్లబడటం, నాకు రోజూ కారెక్కగానే ఉంటుంది. నీకెప్పుడూ చెప్పలేదు. ఇక నీ పక్కన కూర్చోనని చెప్పగలను, తొక్కనని మాత్రం మాటివ్వలేను. కారు ఆపి ఎంతసేపైంది? తాళం అక్క చేతిలో ఉంది. ఇంజను చల్లారిపోయింది. కిందికి చూడు, నా కాలు ఎక్కడుందో. ఇంకా తొక్కే ఉంది."